హోటల్ గది అద్దె ఎవరికి బాకీ? ఒక హౌసింగ్ బెనిఫిట్ కేసు

ఈ కేసు 2023 అక్టోబరు చివర్లో మొదలై 2024 జూన్ దాకా నడిచింది. ఊరు లండన్. ఏ బరో, అంటే ఏ స్థానిక కౌన్సిల్ ప్రాంతం, ఏ హోటల్ అన్నది చెప్పను. పేరు మార్చాను. కుటుంబాన్ని గుర్తుపట్టగలిగే వివరాలు తీసేశాను. అంకెలు కాస్త అటూ ఇటూ చేసినా లెక్క సరిపోయేలా ఉంచాను. క్లయింట్ అనుమతి తీసుకునే రాస్తున్నాను. "రాయక్కా, ఇంకొకళ్ళు నాలా తిరక్కుండా ఉంటారు" అంది.

ఈ కేసు గురించి రాయడానికి అసలు కారణం ఇందులో నేను చేసిన తప్పు. పదేళ్ళకు పైగా బెనిఫిట్ల సలహా డెస్క్ మీద కూర్చుంటున్న మనిషిని, ఒక్క ప్రశ్న అడగడం మర్చిపోయి ఒక కుటుంబానికి రెండు నెలలకు పైగా పోగొట్టాను.

నేపథ్యం

ఆమెను సుజాత అందాం. భర్త నుంచి విడిపోయి కొన్నేళ్ళయింది. కూతురు ఇయర్ 11, అంటే మే నెలలో, మన పదో తరగతి పరీక్షల్లాంటి జీసీఎస్ఈ పరీక్షలు రాయాల్సిన పిల్ల. కొడుక్కి ఏడేళ్ళు. ఒక స్కూలు వంటగదిలో వారానికి పదహారు గంటల పని. జీతం చాలదు కాబట్టి ప్రభుత్వం ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్, మేమంతా అనే మాటలో యూసీ, వస్తుంది. అందులోనే ఇంటి అద్దెకు కొంత భాగం ఉండేది.

నా డెస్క్ దగ్గరికి తెలుగువాళ్ళు వస్తే మొదట చూసేది వీసా. స్టూడెంట్ వీసా, స్కిల్డ్ వర్కర్ వీసాల మీద "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్", అంటే ప్రభుత్వ సాయం తీసుకోకూడదు అనే షరతు ఉంటుంది. అద్దె కోసం కౌన్సిల్ ఇచ్చే హౌసింగ్ బెనిఫిట్, యూసీ, ఇల్లు లేనివాళ్ళకు కౌన్సిల్ ఇచ్చే వసతి, మూడూ పబ్లిక్ ఫండ్స్ కిందికే వస్తాయి. షరతు ఉండగా తీసుకుంటే రేపు వీసా పొడిగింపుకే ఎసరు వస్తుంది. కాబట్టి ఈ కేసు చదివి ఎవరూ వెంటనే ఫారం నింపొద్దు. సుజాతకు ఐఎల్ఆర్, అంటే శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చి ఏడాది దాటింది, షరతు లేదు. కార్డు చూసి, ఆన్‌లైన్లో షేర్ కోడ్‌తో సరిచూసుకున్నాకే ముందుకు వెళ్ళాను. ఆ ఒక్క జాగ్రత్త మాత్రం సరిగ్గానే తీసుకున్నాను.

ఇంటి ఓనరు ఇల్లు అమ్ముకుంటానని, ఖాళీ చేయమని సెక్షన్ 21 నోటీసు ఇచ్చాడు. కౌన్సిల్‌ని అడిగితే "బెయిలిఫ్‌లు వచ్చేదాకా ఇంట్లోనే ఉండండి" అన్నారు. బెయిలిఫ్‌లంటే కోర్టు ఉత్తర్వుతో వచ్చి ఇల్లు ఖాళీ చేయించేవాళ్ళు. ఈ మాట ప్రతి చలికాలమూ వింటాను. వాళ్ళు అలా చెప్పకూడదు, అయినా చెబుతారు. అక్టోబరు చివరి సోమవారం బెయిలిఫ్‌లు వచ్చి తాళం మార్చారు. ఆరోజు సాయంత్రం కౌన్సిల్ ఆఫీసులో "ఫోన్ చేస్తాం" అని పంపేశారు. ఇద్దరు పిల్లలు, నాలుగు సూట్‌కేసులు, ఒక ప్రెషర్ కుక్కర్. సుజాత క్రెడిట్ కార్డు మీద దగ్గర్లోని హోటల్లో గది తీసుకుంది.

మూడో రాత్రి నాకు ఫోన్ చేసింది. "అక్కా, హోటల్ బిల్లు ఎవరైనా ఇస్తారా?"

నా మొదటి సలహా

గదికి డబ్బు తనే కడుతోందని చెప్పింది. యూసీ నిబంధనల్లో అద్దె అంటే ఒప్పంద పత్రం ఉన్న అద్దె ఒక్కటే కాదు. ఉండటానికి అనుమతి తీసుకుని కట్టే డబ్బు కూడా దాని కిందికి వస్తుంది. ఆ హోటల్ గదే ప్రస్తుతానికి వాళ్ళ ఇల్లు అని వాదించడానికి చోటుంది. గెలుస్తామన్న గ్యారంటీ లేదు, అడగడంలో తప్పు లేదు. అందుకని యూసీ ఆన్‌లైన్ ఖాతాలో ఉండే జర్నల్లో అడ్రసు మార్చి, హోటల్ చార్జీ పెట్టమన్నాను.

ఆ రాత్రికి ఆ సలహా సరైనదే. అయితే ఆరు రోజుల తర్వాత, నవంబరు 7న, కౌన్సిల్ వాళ్ళు ఫోన్ చేసి బుకింగ్ తామే తీసుకున్నారు. 1996 హౌసింగ్ చట్టం సెక్షన్ 188 కింద, ఇల్లు లేదని నమ్మడానికి కారణం కనిపిస్తే చాలు, విచారణ తేలేదాకా పిల్లలున్న కుటుంబానికి తాత్కాలిక వసతి చూపాలి. ఎనిమిది రోజులు ఆలస్యంగా చూపించారు. హోటల్ మారలేదు, రెండో అంతస్తులో గది మారలేదు, తాళం కార్డు కూడా అదే. రిసెప్షన్‌లో కంప్యూటర్ మీద మాత్రం బిల్లు ఎవరి పేరున వెళ్ళాలో మారింది. సుజాత ఫోన్లో వచ్చిన ఒప్పందం మీద వేలితో సంతకం గీసింది. అప్పుడు సాయంత్రం ఆరు, పిల్లాడు ఆకలి అని ఏడుస్తున్నాడు. ఏం సంతకం పెట్టిందో చదవలేదు. ఆ స్థితిలో నేనైనా చదివేదాన్ని కాదు.

ఈ మార్పు సంగతి ఆమె నాకు చెప్పలేదు, చెప్పాల్సినంత విషయమని తనకు తెలియదు. తెలిసిన నేను అడగలేదు.

ఎదురైన సమస్య

యూసీ నెల లెక్క ఆమెకు 14వ తేదీతో ముగుస్తుంది. నవంబరు స్టేట్‌మెంట్‌లో అద్దె భాగం సున్నా. స్క్రీన్‌షాట్ పంపింది. హోటల్ అనే మాట చూసి ఎవరో క్లర్క్ కొట్టేసి ఉంటారని నేను అనుకున్నాను. అలాంటివి బోలెడు చూశాను కాబట్టి అదే ఇదీ అనుకున్నాను. అనుభవం ఒక్కోసారి కళ్ళకు గంతలు కడుతుంది. మాండేటరీ రీకన్సిడరేషన్‌కు, అంటే నిర్ణయం మళ్ళీ చూడమని యూసీ వాళ్ళనే అడగడానికి, రెండు పేజీల ఉత్తరం రాశాను. మంచి ఉత్తరమే. తప్పు ఆఫీసుకు రాసిన మంచి ఉత్తరం.

జవాబు జనవరి మధ్యలో వచ్చింది. నిర్ణయం మార్చడం లేదు, కారణం: "మీరు లోకల్ అథారిటీ కల్పించిన టెంపరరీ అకామడేషన్‌లో ఉంటున్నారు."

వెంటనే ఫోన్ చేశాను. "లోకల్ అథారిటీ ఏంటమ్మా? నువ్వే కదా కడుతున్నావు?"

"లేదక్కా. నవంబరు ఏడో తారీకు నుంచి కౌన్సిలే బుక్ చేసింది. నేనేం కట్టట్లేదు. వాళ్ళే పెట్టారు, వాళ్ళే కట్టుకుంటారు కదా."

ఈ చివరి వాక్యం దగ్గర నాకు చెమట పట్టింది.

ఎందుకో చెప్పాలంటే నిబంధన కొంచెం వివరించాలి. 2018 ఏప్రిల్ 11 నుంచి, కౌన్సిల్ ఇల్లు లేనివాళ్ళకు ఇచ్చే తాత్కాలిక వసతి అద్దె యూసీలో రాదు. దానికి పాత హౌసింగ్ బెనిఫిట్టే అడగాలి. తిండికీ బట్టకూ యూసీ, గదికి హౌసింగ్ బెనిఫిట్, రెండు వేర్వేరు దరఖాస్తులు, రెండు వేర్వేరు ఆఫీసులు. ఏది ఎటు వెళ్ళాలో తేల్చేది గది రకం కాదు. అది హోటలా, ఫ్లాటా, హాస్టలా అన్నది రెండో సంగతి. అద్దె ఎవరికి బాకీ పడుతున్నాం, ఆ గది మనకు ఏ కారణంగా దొరికింది, ఈ రెండే ముఖ్యం. ఇల్లు లేనివాళ్ళని చూసే బాధ్యత కింద కౌన్సిల్ గది ఇచ్చి, అద్దె కౌన్సిల్‌కి కట్టాల్సి ఉంటే హౌసింగ్ బెనిఫిట్. మనంతట మనం గది తీసుకుని హోటల్‌కి కడుతుంటే యూసీ. సుజాత విషయంలో ఒకే మంచం మీద పడుకుంటూనే ఒక రాత్రి యూసీ వైపు, మర్నాటి రాత్రి హౌసింగ్ బెనిఫిట్ వైపు ఉంది.

యూసీ వాళ్ళ నిర్ణయం సరైనదే. తప్పు నాది.

ఇక "వాళ్ళే కట్టుకుంటారు" అన్న మాట. హోటల్‌కి కౌన్సిలే కడుతుంది, నిజం. కానీ ఆ 1996 హౌసింగ్ చట్టం సెక్షన్ 206 ప్రకారం, వసతి పొందినవాళ్ళ దగ్గర సమంజసమైన చార్జీ వసూలు చేసే హక్కు కౌన్సిల్‌కి ఉంది. వేలితో సంతకం గీసిన ఆ ఒప్పందంలో రాత్రికి 42 పౌండ్లని ఉంది. కౌన్సిల్ హోటల్‌కి ఇచ్చేది ఇంకా చాలా ఎక్కువ, ఆమె కౌన్సిల్‌కి కట్టాల్సింది ఇది. హౌసింగ్ బెనిఫిట్ వచ్చేదీ ఆమె కట్టాల్సిన దానికే. అడగనంతకాలం ఆ చార్జీ రోజుకు 42 చొప్పున ఆమె పేరున అప్పుగా పెరుగుతూనే ఉంటుంది. చప్పుడు లేకుండా పెరుగుతుంది, ఎందుకంటే హోటల్ గదికి రెంట్ బుక్ ఎవరూ తెచ్చివ్వరు.

ఈ హోటల్ గొడవలో చాలామంది పొరబడే ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. వార్తల్లో కనిపించే అసైలమ్ హోటళ్ళ, అంటే శరణు కోరినవాళ్ళని ఉంచే హోటళ్ళ, వ్యవహారం పూర్తిగా వేరు. అది హోం ఆఫీస్ చూసుకుంటుంది. అక్కడ అద్దె బాకీ లేదు, హౌసింగ్ బెనిఫిట్ లేదు.

రెండు తలుపులు

ఇప్పుడైనా హౌసింగ్ బెనిఫిట్ ఫారం పెట్టాలి. నేను ఊళ్ళో లేను. ఫోన్లోనే "పోస్ట్‌కోడ్ కొట్టి ఏ కౌన్సిలో చూసి ఆన్‌లైన్లో పెట్టెయ్" అన్నాను. ఇది నా రెండో తొందరపాటు. ఆ హోటల్ పక్క బరోలో ఉంది. ఫారం పక్క కౌన్సిల్‌కి వెళ్ళింది. వాళ్ళు వారంలోపే తిప్పికొట్టారు: అడ్రసు మా ఏరియాదే గానీ మిమ్మల్ని ఇక్కడ పెట్టింది మేం కాదు. వాళ్ళు చెప్పింది నిజమే. అద్దె ఏ కౌన్సిల్‌కి బాకీయో ఆ కౌన్సిలే దాన్ని రెంట్ రిబేట్‌గా, అంటే తనకు రావాల్సిన అద్దెలో తగ్గింపుగా, చూస్తుంది, గది ఎక్కడున్నా సరే. ఇక్కడ కూడా ప్రశ్న అదే: బాకీ ఎవరికి?

అప్పుడు సుజాత తన కౌన్సిల్ కౌంటర్‌కి వెళ్ళింది. అక్కడ "హోటల్ అంటే ఇల్లు కాదు కదా, యూసీలో అడగండి" అన్నారు. యూసీ కౌన్సిల్‌ని చూపిస్తుంది, కౌన్సిల్ యూసీని చూపిస్తుంది. తెలుగులో దీన్ని బంతాట అంటాం.

కౌంటర్ అమ్మాయి మాట తప్పు. హౌసింగ్ బెనిఫిట్ చట్టంలో ఇల్లు అంటే మనుషులు నివసించే ఏ వసతైనా, విడి వంటగది, విడి బాత్రూం ఉండాలన్న నియమం లేదు. అయితే ఆ తప్పు మాట వెనక ఒక ఆర్థిక ఇబ్బంది ఉంది. కుటుంబానికి ఇచ్చిన బెనిఫిట్ డబ్బును కౌన్సిల్ కేంద్ర ప్రభుత్వం నుంచి సబ్సిడీగా వెనక్కి తీసుకుంటుంది. హోటల్ లాంటి గదులకు ఆ సబ్సిడీ 2011 జనవరి నాటి ఒక బెడ్రూం రేటు దగ్గర ఆగిపోతుంది. ఆ పైన పోయేదంతా కౌన్సిల్ జేబులోంచే. అది కౌన్సిల్‌కీ ప్రభుత్వానికీ మధ్య లెక్క, దరఖాస్తుదారుకి దాంతో పని లేదు. కానీ ఆఫీసులో ఉత్సాహం ఎందుకు తక్కువో తెలిస్తే మనకు కోపం కొంచెం తగ్గుతుంది, ఉత్తరం కొంచెం పదునుగా వస్తుంది.

జనవరి 30న గది తలుపు కింద నుంచి ఒక కవరు లోపలికి జారింది. 84 రాత్రులు, రాత్రికి 42, మొత్తం 3,528 పౌండ్లు. ఏడు రోజుల్లో కట్టకపోతే వసతి రద్దు కావచ్చు.

సంచిలోని మూడో కాగితం

అదేరోజు మధ్యాహ్నం సుజాత నా డెస్క్ దగ్గరికి వచ్చింది. కాగితాలన్నీ పది కిలోల బాస్మతి బియ్యం సంచిలో వేసుకుని తెచ్చింది. జిప్ ఉంటుంది, తడవదు, నాకూ ఆ సంచి మీద గౌరవం. స్కూలు ఉత్తరాలు, కోర్టు కాగితం, కొడుకు గీసిన డైనోసార్, కౌన్సిల్ కాగితాలు కలగాపులగంగా ఉన్నాయి. ముందు చేసిన పని, ఆ కూర్చున్న చోటే హౌసింగ్ బెనిఫిట్ ఫారం సరైన కౌన్సిల్‌కి పంపించడం. "ఎక్కడ ఉంటున్నారు" అన్న ప్రశ్నకు హోటల్ అని కాకుండా "కౌన్సిల్ ఏర్పాటు చేసిన టెంపరరీ అకామడేషన్" అని టిక్ పెట్టాలి. హోటల్ అని పెడితే ఆ వెబ్‌సైట్ తనే యూసీకి పొమ్మని తలుపు మూసేస్తుంది.

ఆ రోజు నుంచి ముందుకి సమస్య తీరింది. వెనక్కి ఉన్న 12 వారాల సంగతేంటి?

పింఛను వయసు రానివాళ్ళకు హౌసింగ్ బెనిఫిట్ వెనక్కి ఇవ్వడం గరిష్ఠంగా ఒక నెల. 2016 ఏప్రిల్‌కి ముందు ఆరు నెలలుండేది, తగ్గించారు. ఆ నెలకైనా ఆలస్యానికి తగిన కారణం అంతటా ఉందని చూపాలి. బ్యాక్‌డేటింగ్ దారిలో పూర్తిగా గెలిచినా ఎనిమిది వారాల బాకీ, రెండు వేల పౌండ్లకు పైన, మిగిలిపోతుంది. అందుకని బ్యాక్‌డేటింగ్‌ని రెండో వాదనగా పెట్టాలనుకున్నాను. మొదటి వాదన: దరఖాస్తు ఆలస్యం కాలేదు, నవంబరులోనే మొదలైంది. దానికి ఆధారం కావాలి.

సంచి టేబుల్ మీద బోర్లించి ఒక్కో కాగితం చూశాం. నవంబరు 7న హౌసింగ్ ఆఫీసర్ నింపిన బుకింగ్ షీట్ మూడు పేజీలు. మొదటి రెండూ హోటల్ నియమాలు: గదిలో వంట నిషేధం, బయటివాళ్ళు రాకూడదు. మూడో పేజీలో ఏడెనిమిది టిక్ గడులు. వాటిలో ఒకటి: "హౌసింగ్ బెనిఫిట్ కోరుకుంటున్నారా?" ఎదురుగా "అవును" గడిలో టిక్. పక్కన ఆఫీసర్ పొట్టి సంతకం, తేదీ. అడుగున చిన్న అక్షరాల్లో, ఒక కాపీ బెనిఫిట్స్ విభాగానికి అని.

"ఈ టిక్ ఎవరు పెట్టారు?"

"ఆవిడే అడిగింది ఫోన్లో. బెనిఫిట్ కావాలా అంది. కావాలన్నాను. ఇంక వస్తుందనుకున్నాను."

2006 హౌసింగ్ బెనిఫిట్ నిబంధనల్లో 83వది దరఖాస్తు తేదీ గురించి. దరఖాస్తు చేసుకుంటానని ముందు తెలియజేసి, తర్వాత ఒక నెలలో, లేదా కౌన్సిల్ సమంజసమనుకున్న ఎక్కువ గడువులో, పూర్తి ఫారం అందిస్తే మొదట తెలియజేసిన రోజే దరఖాస్తు తేదీ అవుతుంది. ఆ "ఎక్కువ గడువు" అన్న మాట మీదే కేసంతా నిలబెట్టాను. ఆమె కావాలంది. కౌన్సిల్ రాసుకుంది. ఫారం పంపలేదు. మధ్యలో ఒక సలహాదారు, అంటే నేనే, ఆమెను తప్పు దారిలో పంపింది, కౌంటర్లో కూడా తప్పే చెప్పారు. ఇన్ని జరిగాక 12 వారాలు అసమంజసమెలా అవుతుంది? నా తప్పు గురించి సొంత సంతకంతో విడిగా ఒక పేజీ రాసి జతచేశాను. రాసేటప్పుడు చెయ్యి ఆడలేదు. కానీ ఫైల్లో ఆ పేజీ లేకపోతే నవంబరు నుంచి జనవరి దాకా ఏం జరిగిందో ఎవరికీ అర్థం కాదు, ఆమె నిర్లక్ష్యంగా కూర్చున్నట్టు కనిపిస్తుంది.

దీనితోపాటు అద్దె వసూళ్ళ విభాగానికి వేరే ఈమెయిల్: బెనిఫిట్ నిర్ణయం పెండింగ్‌లో ఉంది, అప్పటిదాకా వసూలు ఆపండి. చార్జీ సమంజసంగా ఉండాలని సెక్షన్ 206 అంటోంది, స్కూలు వంటగది జీతం మీద బెనిఫిట్ లేకుండా వారానికి 294 పౌండ్లు సమంజసం కాదు అని కూడా రాశాను. సుజాతను మాత్రం వారానికి 5 పౌండ్లు కట్టడం మొదలుపెట్టమన్నాను. బాకీ తగ్గించడానికి కాదు. గదిలో కరెంటు, హీటింగ్ ఖర్చు బెనిఫిట్‌లో రాదు, ఆ కాస్తా ఎలాగూ తనే కట్టాలి. పైగా రేపెవరైనా "అద్దె కట్టనందుకే వసతి పోయింది, స్వయంకృతం" అనడానికి దారి ఉండకూడదు. ఆ మాట పడితే ఇల్లు పొందే హక్కుకే దెబ్బ.

మార్చి మొదట్లో నిర్ణయం

బెనిఫిట్ మంజూరైంది, కానీ జనవరి 30 నుంచే. నవంబరు టిక్ గురించి ఒక్క మాట లేదు. బ్యాక్‌డేటింగ్ తిరస్కరించారు, నిబంధనలు తెలియకపోవడం కారణం కాదట. పైగా ముగ్గురికీ బ్రేక్‌ఫాస్ట్ కోత పెట్టారు.

ఈ కోత సంగతి చూడండి. అద్దెలో భోజనం కలిసి ఉంటే దానికి నిర్ణీత మొత్తం తీసేస్తారు, మనం తిన్నామా లేదా అన్నది వాళ్ళకు అనవసరం. సుజాత ఆరింటికే పనికి పోతుంది, పిల్లలు స్కూల్లో తింటారు. అది చెప్పి లాభం లేదు. అడగాల్సింది, చార్జీలో బ్రేక్‌ఫాస్ట్ అసలు ఉందా అని. హోటల్ కాబట్టి ఉంటుందని ఆఫీసులో ఊహించుకున్నారు. రిసెప్షన్‌లో బుకింగ్ ప్రింట్ అడిగి తెమ్మన్నాను. "రూమ్ ఓన్లీ" అని స్పష్టంగా ఉంది. ఆ ఒక్క కాగితం పంపగానే కోత పోయింది.

మిగతా దానికి రెండు దారులు: మళ్ళీ చూడమని అడగడం, లేదా నేరుగా అప్పీలు. యూసీలోలా ఇక్కడ ముందు రీకన్సిడరేషన్ తప్పనిసరి కాదు, ఉత్తరం తేదీ నుంచి నెలలోపు సరాసరి అప్పీలు పెట్టొచ్చు. చాలామంది సలహాదారులు ముందు మెత్తగా అడుగుదామంటారు. నేను అప్పీలే ఎంచుకున్నాను. అప్పీలు వస్తే కౌన్సిల్ ట్రిబ్యునల్‌కి తన వాదన రాసి పంపాలి. ఆ వాదన రాయడానికి సీనియర్ ఎవరో ఒకరు కూర్చుని ఫైలు మొదటి పేజీ నుంచి చదవాలి. నాకు కావలసింది జడ్జి కాదు, ఆ మూడో పేజీ చదివే ఒక మనిషి. చదివాక కౌన్సిల్ తనంతట తానే ఆమెకు మేలుగా నిర్ణయం మార్చుకుంటే అప్పీలు అక్కడితో ఆగిపోతుంది.

మొదట ఒక ఫోన్ వచ్చింది. హౌసింగ్ విభాగానికి చెబితే బెనిఫిట్స్ విభాగానికి చెప్పినట్టు కాదని. షీట్ అడుగున "కాపీ బెనిఫిట్స్ విభాగానికి" అని మీరే అచ్చువేశారు కదా అన్నాను. "చూసి చెబుతాను" అని ఫోన్ పెట్టేశారు. ఏప్రిల్ చివర్లో కొత్త నిర్ణయం: దరఖాస్తు తేదీ నవంబరు 7. అద్దె బాధ్యత మొదలైన వారంలోనే దరఖాస్తు పడింది కాబట్టి, మామూలుగా అయితే తర్వాతి సోమవారం నుంచి ఇచ్చేది, ఆ మొదటి రాత్రి నుంచే ఇచ్చారు. ఆమెకు యూసీ అందుతూనే ఉండటంతో జీతం వల్ల బెనిఫిట్‌లో కోత పడలేదు. డబ్బు చేతికి రాదు, నేరుగా అద్దె ఖాతాలో జమ. కరెంటు, హీటింగ్ కింద మిగిలిన కొద్దిపాటికి వారం వారం కట్టిన అయిదు పౌండ్లు చాలావరకు సరిపోయాయి.

కదపని తీగ

ఇంకో ఆయుధం చేతిలో ఉండి కూడా వాడలేదు. 2004 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, పిల్లలున్న కుటుంబాన్ని ఇంకేమీ దొరకనప్పుడు తప్ప బి అండ్ బి తరహా, అంటే హోటల్ లాంటి, గదిలో పెట్టకూడదు, పెట్టినా ఆరు వారాలు దాటకూడదు. సుజాతకు డిసెంబరులోనే దాటింది. లీగల్ ఎయిడ్ లాయర్‌తో ఒక ఉత్తరం రాయిస్తే కౌన్సిల్ కదిలి తీరాలి.

"ఎటు కదులుతారక్కా?" అంది.

నిజం చెప్పాను. నీకు దగ్గర్లోనే ఇస్తారన్న నమ్మకం లేదు, రెండు గంటల దూరం కూడా కావచ్చు. పిల్లల చదువు, ముఖ్యంగా పరీక్షల సమయం, కౌన్సిల్ లెక్కలోకి తీసుకోవాలి. ఇచ్చాక దానిమీద పోరాడొచ్చు. కానీ ఆ పోరాటం మార్చి, ఏప్రిల్ నెలల్లో జరుగుతుంది.

కూతురు ఆ గదిలో బాత్రూం తలుపు మూసుకుని, కమోడ్ మూత మీద కూర్చుని, వాష్‌బేసిన్ మీద ఇస్త్రీ బల్ల అడ్డంగా పెట్టి చదువుకుంటోంది. తమ్ముడు నిద్రపోయాక లైటు వేసుకునే చోటు అదొక్కటే. అల్మరాలో దాచిన రైస్ కుక్కర్‌ని జనవరిలో హోటల్ వాళ్ళు తీసుకెళ్ళారు. తర్వాత కెటిల్ నీళ్ళతో ఓట్స్, పొడి అటుకులు, స్కూల్లో మిగిలినవి. పోపు వాసన మర్చిపోయామంది. ఇది చూస్తూ వాడగలిగిన ఆయుధాన్ని పక్కన పెట్టడం నాకు కష్టంగా అనిపించింది. కానీ అక్కడి నుంచి స్కూలుకి పిల్ల పదిహేను నిమిషాల్లో నడిచి వెళ్తుంది. "పరీక్షలయ్యేదాకా ఇక్కడే ఉంటాం" అని సుజాత తేల్చేసింది. లాయర్‌కి కాగితాలు చూపించి, ఎప్పుడంటే అప్పుడు పంపేలా ఉత్తరం సిద్ధంగా ఉంచాం. హక్కు ఉందని చెప్పడం నా పని, దాన్ని ఎప్పుడు వాడాలన్నది ఆమె ఇష్టం.

రానివి

అన్నీ గెలవలేదు. యూసీ ఒక నెలంతటినీ ఆ నెల చివరి రోజు స్థితితో కొలుస్తుంది. నవంబరు 14న ఆమె కౌన్సిల్ గదిలో ఉంది కాబట్టి, అక్టోబరు 15 నుంచి 30 దాకా పాత ఇంటికి కట్టాల్సిన అద్దెకు కూడా ఏమీ రాలేదు. నిబంధనే అలా ఉంది, వాదించి లాభం లేదు. అదే కారణంతో ఎనిమిది రాత్రుల కార్డు బిల్లు కూడా యూసీలో రాలేదు. బెయిలిఫ్‌లు వచ్చిన రోజే గది ఇవ్వాల్సింది కదా అని కౌన్సిల్‌కి ఫిర్యాదు చేశాం. క్షమాపణ వచ్చింది, డబ్బు రాలేదు. కౌన్సిళ్ళ మీద ఫిర్యాదులు చూసే ఒంబుడ్స్‌మన్ దాకా వెళ్దామన్నాను. "ఇంక నా వల్ల కాదక్కా, టెన్షన్ పడలేను" అంది. ఆ కార్డు బాకీ ఇప్పటికీ కొంచెం కొంచెంగా కడుతోంది.

నా డెస్క్ మీద మారినవి

ముందు మా ఫారంలో మొదటి ప్రశ్న "ఎక్కడ ఉంటున్నారు?" అని ఉండేది. దాన్ని కొట్టేసి "ఉంటున్న చోటికి డబ్బు అడిగేది ఎవరు? ఎప్పటి నుంచి?" అని రాసుకున్నాం. రెండో సగం ముఖ్యం, అడిగేవాళ్ళు మధ్యలో మారిపోతారు కాబట్టి. ఎవరైనా "మేమేం కట్టట్లేదు" అంటే నేనిప్పుడు ఊరట పడను, ఒప్పందం కాగితం చూపించమంటాను. ఫోన్లో సంతకం చేసినవాళ్ళకి ఈమెయిల్లో కాపీ ఉంటుంది, స్పామ్‌లో వెతకాలి. హోటల్ కేసులో పోస్ట్‌కోడ్ కొట్టి కౌన్సిల్ కనుక్కోవడం మానేశాం. గది దొరికిన రోజే, ఏ ఫారం అన్నది తేలకపోయినా, "హౌసింగ్ బెనిఫిట్ అడగాలనుకుంటున్నాను" అని ఒక్క వాక్యం కౌన్సిల్‌కి ఈమెయిల్ పంపిస్తాం. తేదీ పడిపోతుంది, మిగతాది తర్వాత చూసుకోవచ్చు. ఫాలోఅప్ ఫోన్ వారానికి ఒకటి. నేను నవంబరులో ఇంకొక్క ఫోన్ చేసి ఉంటే మీరు ఈ కేసు చదివేవాళ్ళు కాదు.

కూతురి చివరి పరీక్ష జూన్‌లో అయింది. మర్నాడు లాయర్ ఉత్తరం వెళ్ళింది. మూడు వారాల్లోపు అదే బరోలో రెండు బెడ్రూంల ఫ్లాట్ ఇచ్చారు. అదీ తాత్కాలికమే, కౌన్సిల్ ఎవరి దగ్గరో లీజుకి తీసుకున్నది. తాళాలిచ్చే రోజు నేను పనిలో ఉన్నాను. మధ్యాహ్నం వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. కొత్త ఒప్పందం రెండో పేజీ, అద్దె ఎవరికి చెల్లించాలో రాసిన లైను కింద ఆమె బొటనవేలు, గోటి పక్కన పసుపు మరక. కింద ఒక వాయిస్ మెసేజ్: "అక్కా, కౌన్సిల్‌కే కట్టాలని ఉంది. అంటే మళ్ళీ హౌసింగ్ బెనిఫిట్టే కదా? వెనకాల చప్పుడేంటంటావా, పోపు పెడుతున్నా."